రక్షకుల రక్షణకు మూల్యం ఎవరిది?

పోలీసు సిబ్బందిపై దాడి జరిగిందన్న వార్త వెలువడిన ప్రతిసారీ సమాజంలో ఒకే మాట వినిపిస్తుంది. చట్టం ఇంకా కఠినం కావాలి, కొత్త నేరాన్ని నిర్వచించాలి, శిక్షాకాలాన్ని పెంచాలి అని. ఆ మాట వెనుక ఉన్న ఆవేదనను తప్పుపట్టలేము. మన ఇళ్ళు నిద్రపోతున్న వేళ వీధిలో మేలుకొని ఉండే మనిషికి హాని జరిగితే ఎవరి మనసైనా కలత చెందుతుంది. కానీ, కొత్త నేరాన్ని సృష్టించడానికి అయ్యే ఖర్చు ప్రభుత్వ పద్దుల్లో కనిపించదు. ఆ ఖర్చు ఎవరి సంచిలోంచి పోతుందో, దానికి ప్రతిఫలంగా పోలీసుకు నిజంగా భద్రత చేకూరుతుందో లేదో మనం నిదానంగా ఆలోచించవలసి ఉంది.

నేను ఈ విషయాన్ని పుస్తకాల ద్వారానే గాక, నివసిస్తున్న చోటు వల్ల కూడా తెలుసుకున్నాను. కొండాపూర్ పక్కన మసీదుబండలో మా కుటుంబం స్థిరపడి చాలా ఏళ్ళయింది. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు బండరాళ్ళు, ముళ్ళపొదలు తప్ప మరేమీ లేని ఈ ప్రాంతంలో నేడు రాత్రికీ పగటికీ తేడా తెలియదు. అర్ధరాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చే ఆడపిల్లలు, వారిని ఇళ్ళకు చేర్చే క్యాబ్ డ్రైవర్లు, భోజనం పొట్లాలతో పరుగులు తీసే కుర్రాళ్ళు, కూడలిలో బ్రీత్ ఎనలైజర్ పట్టుకొని నిలబడిన పోలీసులు. ఈ నలుగురూ ఒకే రోడ్డు మీద, ఒకే రాత్రిలో కలుసుకుంటారు. పోలీసుకు ప్రమాదం ఎదురయ్యేదీ ఇక్కడే, సామాన్యుడి మీద కేసు పడేదీ ఇక్కడే.

ప్రమాదం కల్పితం కాదు

ముందుగా ఒక సత్యాన్ని ఒప్పుకోవాలి. 2021 మార్చి చివరలో సైబరాబాద్ పరిధిలోని నిజాంపేట రోడ్డులో రాత్రి విధుల్లో ఉన్న ఒక ఏఎస్సైని వాహనం ఢీకొన్నది. వైద్యులు బ్రెయిన్ డెడ్‌గా ప్రకటించిన తరువాత ఆయన కుటుంబం అవయవదానానికి అంగీకరించింది. బ్రతికి ఉన్నంతకాలం రోడ్డు మీద పరుల ప్రాణాలను కాచిన మనిషి, మరణించాక కూడా పరులకు ప్రాణం పోశాడు. ఏటా అక్టోబరు 21న గోషామహల్‌లో జరిగే అమరవీరుల సంస్మరణ దినాన ఇటువంటి వారినే తలచుకుంటారు. వారి త్యాగాన్ని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా ఈ వ్యాసంలో ఉండదు.

అయితే, ఆయన వంటి వారిని కాపాడటానికి చట్టంలో ఏమీ లేదా? ఉంది, చాలా ఉంది. హత్య, హత్యాయత్నం, నిర్లక్ష్యంగా వాహనం నడిపి మరణానికి కారకుడు కావడం వంటి నేరాలు అందరికీ వర్తించినట్టే పోలీసుల విషయంలోనూ వర్తిస్తాయి. వాటికి తోడు, ప్రభుత్వోద్యోగులకు మాత్రమే వర్తించే సెక్షన్లు బ్రిటిష్ వారి కాలం నుంచీ ఉన్నాయి. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగిపై దౌర్జన్యం చేస్తే పాత శిక్షాస్మృతిలో 353వ సెక్షన్, గాయపరిస్తే 332, తీవ్రంగా గాయపరిస్తే 333, కేవలం ఆటంకం కలిగిస్తే 186. మొదట బెయిలు ఇవ్వదగినదిగా ఉన్న 353ను 2005 నాటి సవరణ నాన్‌బెయిలబుల్‌గా మార్చింది.

2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. 353వ సెక్షన్ 132గా మారింది. ఉద్యోగిని గాయపరిచిన నేరానికి గరిష్ఠ శిక్ష మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది. తీవ్ర గాయమైతే ఏడాదికి తగ్గని శిక్ష విధించాలి. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడికి గురిచేసే ఉద్దేశంతో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే 226వ సెక్షన్ కింద అదొక కొత్త నేరం. అంటే, భూమి పోతోందని తహసీల్దారు కార్యాలయం ముందు పురుగులమందు సీసా పట్టుకున్న రైతు కూడా నేరస్థుడు కావచ్చు. వీటికి తోడు నాగరిక సురక్షా సంహితలోని 172వ సెక్షన్ పోలీసు ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాన్ని ప్రతి వ్యక్తీ పాటించాలని చెబుతూ, ఎదిరించినవారినే గాక, పట్టించుకోని వారిని సైతం నిర్బంధించే అధికారం ఇచ్చింది.

కాబట్టి మనకు కొరతగా ఉన్నది చట్టం కాదు. శిక్షను పెంచడం అనే మార్గానికి ముగింపు కూడా ఉండదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసులు, అంబులెన్స్ సిబ్బంది వంటి అత్యవసర సేవకులపై దాడికి 2018లో ప్రత్యేక చట్టం చేసి గరిష్ఠంగా పన్నెండు నెలల శిక్ష నిర్ణయించారు. నాలుగేళ్ళు తిరిగేసరికి అది చాలదని దానిని రెండేళ్ళు చేశారు.

చేయి పట్టుకున్నందుకు

ఇక ఖర్చు సంగతికి వస్తాను. మా అక్క కొడుకు క్యాబ్ డ్రైవర్. వయసు ఇరవై ఆరు. కొత్త చట్టాలు వచ్చిన కొద్ది నెలలకు ఒక రాత్రి షిఫ్టు ముగించుకున్న ఒక ఉద్యోగినిని ఇంటికి చేర్చేందుకు వెళ్తుండగా ఒక కూడలిలో తనిఖీ కోసం ఆపారు. కాగితాలు చూపించాడు. మాటామాటా పెరిగింది. కానిస్టేబులు కిటికీలోంచి చేయిపెట్టి బండి తాళంచెవి లాగబోయాడు. ‘సార్, మేడమ్ కారులోనే ఉన్నారు, ఆమెను దించి వస్తాను’ అంటూ మావాడు ఆ చేయి పట్టుకున్నాడు. ఆ పెనుగులాటలో కానిస్టేబులు చేతి గడియారం తెగి కిందపడింది. జరిగింది ఇంతే.

చట్టం దృష్టిలో మాత్రం ఇది చిన్న విషయం కాదు. అవతలి మనిషి సమ్మతి లేకుండా అతడి శరీరంపై ఉద్దేశపూర్వకంగా బలం వాడటం ‘నేరపూరిత బలప్రయోగం’ కాగలదు. గాయం కావలసిన అవసరం లేదు. చేయి పట్టుకున్నా చాలు. తెల్లవారేసరికి 132వ సెక్షన్ కింద కేసు నమోదైంది. ఏడేళ్ళలోపు శిక్షపడే నేరాలలో అరెస్టు యాంత్రికంగా జరగరాదని, ముందు నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లోనే అర్ణేష్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. 132వ సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష రెండేళ్ళు మాత్రమే. అయినా మావాడు బెయిలు దొరికేదాకా నాలుగు రాత్రులు లోపలే గడిపాడు.

ఆ తరువాతి కథ నెమ్మదిగా నడిచింది. ఇద్దరు జామీనుదారుల కోసం మా అక్క తెలిసిన ప్రతి గడపా తొక్కింది. కేసు ఉన్నదని తెలియగానే క్యాబ్ సంస్థ అతడి ఐడీని నిలిపివేసింది. కారు వాయిదాలు కట్టలేక కారును ఫైనాన్సు వారికి అప్పగించాడు. దమ్మామ్‌లో డ్రైవర్ ఉద్యోగం చూసిపెట్టిన బంధువు మూడు నెలలు ఎదురుచూసి ఆ అవకాశాన్ని మరొకరికి ఇచ్చాడు. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు నిరాకరించే అధికారం పాస్‌పోర్టుల చట్టంలోనే ఉంది. కోర్టు అనుమతి తెచ్చుకుంటే వెసులుబాటు ఉన్నా, దానికి మళ్ళీ వకీలు, మళ్ళీ రుసుము, మళ్ళీ వాయిదా. శిక్ష వేసే అధికారం న్యాయమూర్తిది. కానీ తీర్పు రాకముందే మావాడు అనుభవించిన శిక్ష ఏ సెక్షన్‌లోనూ రాసి లేదు.

ఒక వాయిదాకు నేను కూడా తోడు వెళ్ళాను. కోర్టు వరండాలో ఆ కానిస్టేబులు కనిపించాడు. వయసులో మావాడికంటే నాలుగైదేళ్ళు పెద్దవాడై ఉంటాడు. నన్ను చూసి లేచి బెంచీ మీద చోటిచ్చాడు. కాసేపటికి తానే మాట కలిపాడు. “అమ్మా, ఆ దినం నాది పద్నాలుగో గంట డ్యూటీ. తమ్ముడు గుద్దలే, కొట్టలే. రాసినోళ్ళు రాసిండ్రు, వాయిదాకు వచ్చుడు నాకే తప్పుతలేదు” అన్నాడు. మావాడు అతడిని ‘అన్నా’ అని పలకరించి చాయ్ తెచ్చి ఇచ్చాడు. అంతటితో ఇద్దరి మధ్య తగవు తీరిపోయింది. కేసు మాత్రం తీరలేదు. ఈ సెక్షన్ రాజీకి వీలు లేనిది. ఇద్దరూ ఒప్పుకున్నా లోక్ అదాలత్‌లో ముగించే దారి లేదు, హైకోర్టుకు వెళ్ళి కొట్టివేయించుకోవాలి. ఆ ఖర్చు మా అక్క భరించలేదు. ఒక కూడలిని కాపాడవలసిన కానిస్టేబులు, ఒక కుటుంబాన్ని పోషించవలసిన కుర్రవాడు, పేరుకుపోయిన కేసుల మధ్య ఊపిరాడని న్యాయస్థానం. ఈ ముగ్గురి పనిదినమూ ఆ రోజు వృథా అయింది. ఇటువంటి దినాలు రాష్ట్రమంతటా ఎన్నో. ప్రజలు చెల్లిస్తున్న మూల్యం ఇదే.

మాట కూడా దాడి అయినప్పుడు

మావాడు చేయి పట్టుకున్నాడు, అది నిజం. చేయి తగలకపోయినా ఈ సెక్షన్ పడిన సందర్భం మన పొరుగునే ఉంది. మనలాగే ఐటీ నగరమైన బెంగళూరులో కారు ఒక ఆటోను తాకిన వ్యవహారంలో పోలీసు స్టేషన్‌కు వెళ్ళిన దంపతులు, అక్కడ ఒక అధికారి తమతో ప్రవర్తించిన తీరు గురించి ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలోనే ఫిర్యాదు రాశారు. పౌరులు తమ అభిప్రాయాలు చెప్పడానికని పోలీసులే తెరిచిన పేజీ అది. ఆ రాతపై 353వ సెక్షన్ కింద కేసు నమోదు చేశారు. హైకోర్టులో ఊరట దొరకక వారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది. అక్కడ దౌర్జన్యమూ లేదు, బలప్రయోగమూ లేదని 2015 జనవరిలో మాణిక్ తనేజా కేసులో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసింది. ఢిల్లీ దాకా వెళ్ళగలిగిన వారికి న్యాయం దొరికింది. వెళ్ళలేని వారు ఫిర్యాదు రాయడమే మానుకుంటారు.

పోలీసుకు ప్రాణాపాయం కలిగించారన్న ఆరోపణ ఎంత దూరం పోగలదో మన సైబరాబాద్ ఒకసారి చూసింది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైంది. ఆ ఘోరం తలచుకుంటే నేటికీ తల్లుల గుండెలు వణుకుతాయి. కుమార్తె జాడ తెలియక ఆ కుటుంబం రాత్రివేళ పోలీసుల చుట్టూ తిరిగినప్పుడు కేసు నమోదులో జాప్యం చేశారని ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్ళను సస్పెండ్ చేశారు. చట్టం ఉన్నా అది కదలవలసిన వేళ కదలలేదు. అయినా పరిష్కారం కొత్త చట్టంలోనే వెతికారు. డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ‘దిశ’ బిల్లును ఆమోదించింది. రాష్ట్రపతి ఆమోదం లభించక అది అమలుకు నోచుకోలేదు.

ఈలోగా డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో మరణించారు. వారు రాళ్ళు రువ్వారని, ఆయుధాలు లాక్కొని కాల్చారని పోలీసులు చెప్పారు. తమపై హత్యాయత్నం జరిగిందంటూ మరణించినవారి మీదనే కేసు నమోదైంది. జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో వెలుగులోకి వచ్చిన నివేదికలో ఆ కథనాన్ని నమ్మలేదు. కాల్పులు ప్రాణం తీయాలన్న ఉద్దేశంతోనే జరిగాయని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. మృతుల్లో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. ఆ పశువైద్యురాలి కేసులో న్యాయస్థానం సాక్ష్యాలు విని తీర్పు చెప్పే అవకాశం శాశ్వతంగా పోయింది. నేరస్థులెవరో కోర్టులో రుజువు కావలసిన హక్కు ఆ తల్లిదండ్రులకూ ఉండింది.

క్యాబ్ డ్రైవర్ కేసుకూ, ఈ మరణాలకూ మధ్య ఎంతో దూరం ఉంది. కానీ రెండింటి మూలంలో ఉన్నది ఒకటే. ఆరోపించేదీ, కేసు నమోదు చేసేదీ, దర్యాప్తు చేసేదీ, సాక్ష్యం చెప్పేదీ ఒకే శాఖ. తగవులో ఒక పక్షమే తీర్పరి పీటకు దగ్గరగా కూర్చున్నప్పుడు, ఆ పక్షం చేతికి ఇంకా పదునైన ఆయుధాన్ని ఇవ్వడానికి ముందు సమాజం రెండుసార్లు ఆలోచించాలి.

ఆగి చేయందించేది ఎవరు?

అన్నిటికంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. అది భయం. రోడ్డు మీద గాయపడిన మనిషిని ఆసుపత్రికి చేర్చడానికి మన జనం ఎందుకు వెనుకాడతారు? దయ లేక కాదు. పోలీసులు, కోర్టులు, సాక్ష్యాలు అంటూ తిరగవలసి వస్తుందన్న జంకు. ఈ జంకు ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, సహాయం చేసినవారిని వేధించరాదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలకు చట్టబలం కల్పించవలసి వచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఏ సెక్షన్ చేర్చవలసి వచ్చింది. అంటే, పోలీసంటే పౌరుడికి ఉన్న భయాన్ని పోగొట్టడానికే ఒక చట్టం చేసుకున్నాము. మరోవైపు అదే భయాన్ని పెంచే చట్టాలనూ చేసుకుంటున్నాము.

అర్ధరాత్రి తనిఖీ వద్ద ఒక పోలీసును తాగుబోతు డ్రైవర్ ఢీకొట్టి పారిపోయాడనుకుందాం. ఆ క్షణాన అతడిని కాపాడేది ఐదేళ్ళ శిక్షా కాదు, పదేళ్ళ శిక్షా కాదు. వెనుక వస్తున్న క్యాబ్ ఆగాలి. ఆ డ్రైవర్ దిగి రక్తమోడుతున్న మనిషిని తన సీటు మీద పడుకోబెట్టుకోవాలి. పారిపోయిన బండి నంబరు గుర్తుపెట్టుకొని కోర్టుకు వచ్చి చెప్పాలి. సాక్ష్యాన్ని దాచరాదని మనం మన బిడ్డలకు చిన్ననాటి నుంచే నేర్పుతాము. కానీ, ఖాకీ చొక్కాకు దూరంగా ఉండటమే క్షేమమని వీధి వారికి నేర్పుతుంటే, ఆ రాత్రి ఎంతమంది ఆగుతారు? పౌరుడిని భయపెట్టే చట్టం చివరికి రోడ్డు మీద పోలీసునే ఒంటరిని చేస్తుంది.

పోలీసులకు నిజమైన రక్షణ కల్పించే పనులు వేరే ఉన్నాయి. పద్నాలుగు గంటల డ్యూటీని ఎనిమిది గంటలకు తేవడం. తనిఖీ స్థలాల్లో చాలినంత వెలుతురు, దూరం నుంచే కనిపించే బారికేడ్లు, మెరిసే జాకెట్లు. వేగంగా వస్తున్న బండికి అడ్డంగా పరుగెత్తకుండా నంబరు నమోదు చేసుకొని తరువాత పట్టుకునే పద్ధతి. తాళంచెవి లాగడం వంటి అలవాట్లకు స్వస్తి. ఒంటి మీది కెమెరాలో నమోదైన దృశ్యాన్ని భద్రపరచి, ఇరుపక్షాలకూ అందించడం. నిజంగా రక్తం చిందిన కేసులను ఆలస్యం లేకుండా విచారించి శిక్షించడం. వాగ్వాదాలకు 132ను వాడేముందు పై అధికారి పరిశీలన తప్పనిసరి చేయడం. పోలీసులపై వచ్చే ఫిర్యాదులను వినడానికి రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో ప్రత్యేక వ్యవస్థలుండాలని 2006 సెప్టెంబరులో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ వ్యవస్థ జనానికి అందుబాటులో ఉండి, నమ్మకం కలిగిస్తే వీధిలో గొంతు పెంచవలసిన అగత్యమే చాలావరకు తగ్గుతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త నేరం అక్కరలేదు.

మన కుటుంబాల పెద్దలు కూడా పిల్లలతో ఈ సంగతులు మాట్లాడాలి. తనిఖీలో ఆపినప్పుడు ఇంజను ఆపి, చేతులు కనిపించేలా ఉంచి, మర్యాదగా మాట్లాడమని చెప్పాలి. అన్యాయం అనిపించినా అక్కడ చేయి చాచరాదు. సమయం, స్థలం, అధికారి పేరు రాసుకొని తరువాత లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలని, కుటుంబానికి కబురందించాలని, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని చట్టం చెబుతోంది. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. దాని హెల్ప్‌లైన్ నంబరు 15100. మహిళలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. ఈ సంగతి మా అక్కకు మొదటి రోజే తెలిసి ఉంటే, ఆమె గాజులు ఇంట్లోనే ఉండేవి.

విధి నిర్వహణలో ఉన్న మనిషి మీద చేయెత్తడం పాపం, నేరం కూడా. దానికి శిక్ష పడవలసిందే. కానీ, భయం మీద నిలిచిన గౌరవం వీధి చివరి మలుపుదాకా మాత్రమే తోడు వస్తుంది. న్యాయం మీద నిలిచిన గౌరవం అర్ధరాత్రి బండి ఆపి, దిగి వచ్చి, పడిపోయిన పోలీసును లేపి కూర్చోబెడుతుంది. మన పాలకులు ఏ గౌరవాన్ని పెంచే చట్టాలు చేస్తారన్నదే ప్రశ్న.